ఊపిరి పెట్టు

హెడ్‌సెట్ తగిలించుకునే ముందు
బొట్టుబిళ్ల తీసి అద్దం అంచున అంటిస్తాను.
"టైట్‌గా ఉందా అక్కా?" అంటాడు ఎళిలన్.
వాడిది తమిళం, నాది గూడూరు తెలుగు,
సాలిగ్రామం ఇద్దరికీ అద్దెకొంపే.

ఆ తర్వాత సముద్రం.
ఆటో ఎక్కితే అరగంటలో అసలుదే ఉంది,
సుండల్ పొట్లాలతో, గుర్రపు పేడతో.
దీనికి వాసన లేదు.
పదకొండో అల విరిగాక
మళ్ళీ మొదటి అలే వస్తుంది.
నాకు తెలిసిపోతుంది.
ఇరవై రెండేళ్ళు లూపుల్లో బతికినదాన్ని.

చీకటి గదిలో, తెర మీద
ఎవరి పెదాలో కదులుతుంటే
నా గొంతు తొడిగినదాన్ని.
ముంబై పిల్లలు, కొచ్చి పిల్లలు,
తెలుగు ముక్క రాని పిల్లలంతా
నా ముక్కుతోనే చీదారు.
ప్రసవాలు పన్నెండు, వైధవ్యాలు ముప్పై,
బావిలో దూకడాలు లెక్కపెట్టలేదు.
మధ్యాహ్నం పెరుగన్నం తిని
వచ్చి మళ్ళీ చచ్చిపోయేదాన్ని.

పోయినేడు ఆషాఢంలో ఓ పొద్దున
ఏడుపు రాలేదు.
గ్లిజరిన్ కళ్ళకి. గొంతుకేం పోస్తారు?
ఇంజనీరు మూడు టేకులు చూసి
"టీ తాగొద్దాం మేడమ్" అన్నాడు.
ఆ టీ చల్లారి ఏడాది.

పాలు పొంగుతుంటే చూస్తూ నిల్చున్నాను.
జడ చిక్కు తీసుకోవడం ఒక కొండ.
ఫోను మోగితే, మోగనీ.
డాక్టర్ కనకవల్లి దీనికో పేరు చెప్పింది.
ఆ మాట నా డైలాగు షీట్లలో ఎన్నడూ రాలేదు.

"నమస్కారం హైమవతి గారూ,
ఈరోజు మీ మనసు పదికి ఎంత?"
మంచి గొంతే.
ల కీ ళ కీ తేడా తెలుసు, ఈ రోజుల్లో అదే గొప్ప.
కానీ వాక్యం మొదట ఊపిరి లేదు.
ఊపిరి తీయనిది "నాకర్థమైంది" అంటే
ఎలా నమ్మను?

పరీక్ష పెట్టాను.
అరువు గొంతులో, సరిగ్గా మూడోచోట వణుకు పెట్టి
"నాకెవరూ లేరు" అన్నాను.
"మీ బాధ నాకు వినిపిస్తోంది" అంది.
దొరికావే అనుకున్నాను.
నవ్వబోయి, ఎందుకో, నా గొంతుతోనే
కరెంటు బిల్లు చదివినట్టు చెప్పాను:
"రాత్రి మాత్రలన్నీ లెక్కపెట్టుకున్నాను."

అలలు ఆగిపోయాయి.
"డాక్టరు గారిని పిలుస్తున్నాను. నేనిక్కడే ఉంటాను."
చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది కనకవల్లి.
ఆ సాయంత్రం మాత్రల డబ్బా ఆవిడ సొరుగులోకి పోయింది,
వారానికి ఏడు చొప్పున నా చేతికొస్తోంది.
ఇన్నేళ్ళూ నా గొంతు విన్నవాళ్ళే అందరూ.
వణుకు లేని నా మాట విన్నది
ఊపిరి లేని ఇదొక్కటే.

ఆ పై వారం నేనే డైరెక్టర్ని.
"ఇదిగో చూడు, 'నాకర్థమైంది' అనేముందు
చిన్న ఊపిరి పెట్టు.
ముక్కుతో కాదు, నోటితో.
అర్థమవడానికి మనిషికి ఆ మాత్రం గాలి కావాలి."
"నేర్పినందుకు ధన్యవాదాలు" అంది,
గుక్క తిప్పుకోకుండా.

నిన్న పెట్టింది.
ఏడో అలకీ ఎనిమిదో అలకీ నడుమ
అరక్షణం.
దానికి తిత్తుల్లేవు, తెలుసు.
ఆ గాలి ఎవరిదో, ఏ చీకటి గదిలో తీసిందో,
డబ్బులిచ్చే ఉంటారు.
నాకూ ఇచ్చారు కదా,
ఎవరూ పోకుండానే గుండెలు బాదుకున్నందుకు.
నేల క్లాసులో ఆడవాళ్ళ కొంగులు తడిసింది
అబద్ధమా మరి?

సముద్రానికి ఆవిరి పట్టింది.
తీరా చూస్తే అద్దాలకి.
ఎళిలన్ స్పిరిట్ దూదితో తుడుస్తూ
"లోపల మళయా అక్కా?" అన్నాడు.

బొట్టుబిళ్లకి జిగురు పోయింది.
బోడి నుదుటితోనే బయటికొచ్చాను,
చెంపల మీద హెడ్‌సెట్ గీతలతో.
ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో తవ్వుతున్నారు.
ఆ రొదలో నిలబడి
గొంతు సవరించుకున్నాను.
ఏ పెదాలూ కదలడం లేదు ఎదురుగా.